భిలాయి నుండి సాలూరుకు మోటారు సైకిలుపై

భిలాయి ఒక ఊరు కాదు, రెండు ఊళ్లు. హౌరా నుండి నాగపూరు మీదుగా ముంబయికి పోయే రైలుమార్గానికి దక్షిణాన ఉక్కు కర్మాగారమూ, దాని ఉద్యోగుల కోసం గీత గీసినట్లు కట్టిన సెక్టర్లూ ఉన్నవి. ఉత్తరాన గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, దాని కావల ఎవరి శక్తికొలది వారు కట్టుకొన్న ఇళ్ల కాలనీలు. సుపేలా బజారు దాటి వెళితే వచ్చే వైశాలి నగర్ ఈ రెండవ ఊరిది. 2008లో దాని పేరిట ఒక శాసనసభ నియోజకవర్గం కూడా ఏర్పడినది. కర్మాగారం ఇచ్చే క్వార్టరు ఉద్యోగం ఉన్నంతవరకే. పదవీ విరమణ నాటికి సొంత ఊరికి పోవడమా, ఇక్కడే ఒక గూడు కట్టుకోవడమా అన్న ప్రశ్న ప్రతి కుటుంబానికీ ఎదురవుతుంది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇక్కడే అయిపోయినవారు రైలు పట్టాలు దాటి ఇటువంటి కాలనీలలో స్థిరపడ్డారు.

వారిలో తెలుగువారు తక్కువ కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించే నాటికి, మట్టి పనికీ కాంక్రీటు పనికీ ఉత్తరాంధ్ర నుండి కూలీలు బయలుదేరి వచ్చి ఉన్నారు. వచ్చినవారు బంధువులను పిలిపించుకొన్నారు. ఇప్పుడు వారి మనుమలు ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడుతూ పెరిగినవారే. అయినా పెళ్లికో, చావుకో, పొలం గట్టు తగాదాకో సంవత్సరానికి ఒక్కసారైనా అటు పోక తప్పదు. రాయపూర్ నుండి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం చేరే రైలు వారికి పుట్టింటి గుమ్మం వంటిది.

రైలు కాక మరొక దారి కూడా కలదు. బస్తరు అడవులలోగుండా దక్షిణానికి దిగి, ఒడిశాలోని కొరాపుట్ కొండలెక్కి, సుంకి ఘాటుమీదుగా సాలూరులో దిగే రహదారి. జాతీయ రహదారుల సంఖ్యలు మార్చక పూర్వం రాయపూర్ నుండి విజయనగరం దిక్కుకు వచ్చే ఈ దారి అంతటికీ 43 అన్న ఒకే సంఖ్య ఉండేది. భిలాయి నుండి సాలూరుకు అటూ ఇటూగా ఐదువందల కిలోమీటర్లు. విశాఖ రేవుకు పోయే లారీలవాళ్లకు ఇందులోని ప్రతి మలుపూ తెలుసు. ఇటీవలి సంవత్సరాలలో కుర్రవాళ్లు మోటారు సైకిళ్లపై కూడా ఈ దారిన బయలుదేరుతున్నారు. ఈ వ్యాసం అటువంటి ఒక ప్రయాణాన్ని గురించీ, దానికోసం ఒక బండిని సిద్ధం చేయడంలో ఏది పనికివచ్చినది, ఏది పనికిరాలేదు అన్నదానిని గురించీ.

ముందుగా ఆ బండి జాతిని గురించి రెండు మాటలు. తారు రోడ్డుమీదా, రోడ్డు లేనిచోటా నడిచేట్లు చేసిన మోటారు సైకిళ్లు ఎప్పటినుండో ఉన్నా, దూరప్రయాణానికి తగిన పెద్ద బండిని ఆ పద్ధతిలో తయారుచేసి పేరు తెచ్చుకొన్నది 1980లో జర్మనీ కంపెనీ బి.ఎం.డబ్ల్యు. విడుదల చేసిన ఆర్ 80 జి/ఎస్. ఆ రెండు అక్షరాలకు జర్మను భాషలో అర్థం నేల, వీధి అని. మరుసటి సంవత్సరమే అది పారిస్ నుండి సహారా ఎడారి మీదుగా డాకర్ వరకు సాగిన పందెంలో గెలిచినది. మనదేశంలో ఈ జాతికి సామాన్యుని అందుబాటులో ఊపు తెచ్చినది 2016లో వచ్చిన 411 సి.సి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్. 2023 నవంబరులో దాని స్థానాన్ని 452 సి.సి. బండి ఆక్రమించినది. అంతకంటె తేలికైన హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చినది 2019లో.

వీటన్నిటి ఆకారంలో ఒక పోలిక ఉన్నది. ముందు చక్రం 21 అంగుళాలు. చక్రం పెద్దదైన కొద్దీ గుంట అంచును తాకే కోణం తగ్గి, దానిలో పడకుండా దాటిపోతుంది. ఎడ్లబండి చక్రం పెద్దదిగా ఉండడానికి కారణం కూడా ఇదే. ఇంజను నేలకు ఎత్తుగా ఉంటుంది. 411 సి.సి. హిమాలయన్‌లో ఆ ఎత్తు 220 మిల్లీమీటర్లు. ముందు షాకప్పులు 200, వెనుకది 180 మిల్లీమీటర్లు కుదించుకోగలవు. తరువాతి నమూనా బరువు ఇంధనంతో కలిపి 199 కిలోలు. శక్తి మాత్రం 24 అశ్వశక్తికి కొద్దిగా ఎక్కువ. ఈ చివరి రెండు అంకెలను పాఠకులు గుర్తుంచుకోవలెను. ఇద్దరు మనుషుల బరువుకు మించిన బండి, ఒక మోస్తరు ఇంజను. దానికి ఏది తగిలించినా ఆ బరువుకు కలుస్తుందే గాని ఆ శక్తికి కలవదు.

మా మేనల్లుడు కొన్నది ఈ తరగతికి చెందిన పాత బండి. బరువు ఇంచుమించు పైన చెప్పినంత. వాడు వైశాలి నగర్‌లో ఉంటూ ఒక కాంట్రాక్టరు వద్ద పని చేస్తున్నాడు. వాడి తల్లి, అంటే మా చెల్లెలు, సాలూరుకు దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉన్నది. జూలైలో ఆమె కంటికి శుక్లాల శస్త్రచికిత్స నిశ్చయమైనది. చికిత్స విజయనగరంలో. ఆ పిదప వారానికి ఒకసారి, తరువాత పదిహేను రోజులకొకసారి చూపించుకోవాలి. పల్లెకు బస్సు రోజుకు రెండుసార్లే. కనుక వీడు ఆరు వారాలు అక్కడే ఉండాలి, బండి కూడా అక్కడ ఉండాలి. పెట్రోలు తీసివేసి రైలులో పార్సెలు చేయవచ్చునని నేను చెప్పాను. చవకైన పద్ధతీ, క్షేమమైన పద్ధతీ అదే. కాని ఇరవై ఆరేళ్ల వయసులో అట్టి సలహా చెవికెక్కదు.

వాడి దగ్గర బండికోసం తీసి ఉంచిన సొమ్ము ముప్పై వేలు. దానితో ఏమేమి చేయించాలో ఒక పట్టిక వ్రాసుకొచ్చాడు. రెండు ప్రక్కలా ఇనుప చట్రం, వాటికి రెండు లోహపు పెట్టెలు, వెనుక మరొక పెట్టె, ఇంజను చుట్టూ గొట్టపు కంచె, నాలుగు అదనపు దీపాలు, గట్టిగా మ్రోగే సైలెన్సరు, ఎత్తైన అద్దం, ఫోను తగిలించే కొక్కెం. చట్రాన్ని అప్పటికే సుపేలా వైపు ఒక దుకాణంలో వెల్డింగు చేయించాడు కూడా. చూస్తే ముచ్చటగానే ఉన్నది. చేతికి తీసుకొంటే భుజం జారినది.

ఇక్కడ భిలాయి మనస్తత్వం గురించి ఒక మాట చెప్పాలి. ఈ ఊరు ఇనుమును నమ్ముకొన్న ఊరు. ఒక్కొక్కటి 130 మీటర్ల పొడవున రైలు పట్టాలను సాగదీసి, రెంటిని అతికి 260 మీటర్ల పట్టాగా రైల్వేలకు పంపే ఊరు. ఇక్కడ ప్రతి వీధిలో వెల్డింగు తెలిసినవాడు ఉంటాడు, ప్రతి పెరటిలో పనికిరాని కోణపు కమ్మి ఉంటుంది. గేటు విరిగితే రెండింతలు మందమైన గేటు పెడతారు. కూరపాదు పందిరికి కూడా వంతెనకు తగిన గొట్టాలు వాడే ఇళ్లు నేను చూశాను. బండి విషయంలో కూడా ఈ ఊరివారికి తోచే మొదటి ఆలోచన ఇనుము చేర్చడమే.

"ఇనుము ఎక్కువైతే నష్టమేంటి మావయ్యా? పడినా ఏం కాదుగా" అన్నాడు మావాడు.

"పడితే ఎవరు లేపుతార్రా?" అన్నాను.

ఈ ప్రశ్నకు జవాబు మాటలలో దొరకదు. ఇంటికి దగ్గరి మైదానంలో, మెత్తని మట్టి ఉన్నచోట, చట్రమూ పెట్టెలూ తగిలించి, ప్రయాణానికి అనుకొన్న సామానంతా నింపి, ఇద్దరం పట్టుకొని బండిని మెల్లగా నేలమీద పరుండబెట్టాము. ఇక వాడు ఒంటరిగా లేపాలి. ఇందుకు ఒక పద్ధతి ఉన్నది. గేరులో వేసి చక్రం దొర్లకుండా చేయాలి. హ్యాండిలును ఒక ప్రక్కకు పూర్తిగా తిప్పాలి. సీటుకు వీపు ఆనించి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వెనుక కడ్డీ పట్టుకొని, నడుముతో కాక తొడల బలంతో లేస్తూ వెనుకకు అడుగులు వేయాలి. బండి కుడిప్రక్కకు పడి ఉంటే ముందే స్టాండు తీసి ఉంచాలి. లేకుంటే లేచిన బండి ఆవలిప్రక్కకు పడుతుంది. మావాడు బలహీనుడు కాదు. మూడుసార్లు ప్రయత్నించాడు. బండి జానెడు లేచి మళ్లీ పడింది. పెట్టెలలోని సామాను, పెట్టెలు, చట్రం కలిపి తూచగా నలభై కిలోలు దాటింది. అవన్నీ విప్పిన పిదప మొదటి ప్రయత్నంలోనే లేపాడు.

ఆ సాయంత్రమే పట్టికలో సగం కొట్టివేయబడినది. చట్రం పెరటిలో గోడకు చేరినది. దానిమీద ఇప్పుడు బీరపాదు ప్రాకుతున్నది.

వెనుక పెట్టె సంగతి బరువుతోనే తీరదు, దాని స్థానంతో కూడా ముడిపడి ఉన్నది. చిన్న లెక్క చూడండి. ఈ బండికి రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం సుమారు 146 సెంటీమీటర్లు. వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు వెనుకగా పది కిలోల పెట్టె ఉంచితే, తులాకోల సూత్రం ప్రకారం వెనుక చక్రంమీద దాదాపు పన్నెండున్నర కిలోలు పెరిగి, ముందు చక్రంమీద రెండున్నర కిలోలకు పైగా తగ్గుతుంది. తారుమీద ఇది తెలియదు. బురదలో ఎక్కుడు దారిన ముందు చక్రం చెప్పినమాట వినకపోవడానికి ఇదే కారణం. కనుక బరువైన వస్తువులు, అంటే పనిముట్లు, ట్యూబులు, నీళ్లు, ఎంత క్రిందుగా, ఎంత మధ్యకు ఉంచగలిగితే అంత మంచిది. మావాడు పెట్టెలకు బదులుగా నీరు చొరని గుడ్డ సంచులు, సీటుమీదుగా రెండు ప్రక్కలా వ్రేలాడేవి, తీసుకొన్నాడు. సామానుతో కలిపి పధ్నాలుగు కిలోలు. రెండు పట్టీలు విప్పితే నిమిషంలో చేతికి వస్తాయి. పడినప్పుడు కాలును నలపవు.

రెండవ పరీక్షకు నేను కూడా వెనుక కూర్చుని వెళ్లాను. దుర్గ్, గుండర్‌దేహి, బాలోద్ మీదుగా దల్లీ-రాజహరా వరకు, సుమారు తొంభై కిలోమీటర్లు. భిలాయి కొలుములకు దశాబ్దాలుగా ముడి ఇనుము పంపిన కొండలవి. గని కార్మికులు తమ చందాలతో 1983లో శహీద్ ఆసుపత్రిని నెలకొల్పుకొన్నది ఈ ఊరిలోనే. వరి మడుల మధ్య తారు రోడ్డు చక్కగానే సాగి, గనుల దాపున నేల రంగు మారుతుంది. అక్కడి ధూళి పసుపుకుంకాలు కలిపినట్లు ఎర్రగా, మెత్తగా ఉండి చొక్కా మడతలలో, కంటి రెప్పలమీద, చైనుకు పూసిన నూనెలో అంటుకొంటుంది. తిరిగివచ్చి ఎయిర్ ఫిల్టరు విప్పితే కాగితపు మడతలు ఇటుక రంగులో ఉన్నవి. ఇంజను శక్తి పెరుగుతుందని చెప్పి కొందరు అసలు ఫిల్టరు తీసి, గాలి ధారాళంగా ఆడే జల్లి ఫిల్టరు వేస్తారు. ఆ ధూళి లోనికి పోయి సిలిండరు గోడను గీరితే పెరిగిన శక్తి ఎవరికి కావాలి? కంపెనీవారి ఫిల్టరే ఉంచి, అటువంటిదే మరొకటి సంచిలో వేసుకోవడం మేలు. దాని ఖరీదు స్వల్పం, బరువు దాదాపు లేదు.

రాజహరా దారి నేర్పిన రెండవ సంగతికి కానీ ఖర్చు కాలేదు. గుంట వచ్చినప్పుడల్లా వెనుక షాకప్పు అడుగంటి నా వెన్నుపూసకు తెలిసివచ్చేది. షాకప్పు మార్చాలన్నాడు మావాడు. స్ప్రింగును బిగించే కంఠాన్ని ముందు సరిచూడమన్నాను. దీనికి కావలసినది కొలత టేపు. బండిని ఎత్తి వెనుక చక్రం గాలిలో ఉన్నప్పుడు ఇరుసు నుండి పైన ఒక గుర్తువరకు కొలవాలి. సామానుతో, మనిషి కూర్చున్నప్పుడు మళ్లీ కొలవాలి. ఆ భేదం మొత్తం కదలికలో మూడవ వంతు ఉండాలి; 180 మిల్లీమీటర్ల కదలికకు 60. అంతకు మించితే స్ప్రింగు బిగించాలి, బాగా తగ్గితే వదలాలి. మా కొలతలో తొంభై దాకా వచ్చినది. పాత యజమాని ఒంటరిగా, ఉత్త చేతులతో తిరిగినవాడు కాబోలు. కంఠం నాలుగు మెట్లు బిగించగానే బండి ప్రవర్తన మారింది. ఈ కాస్త పని చేయకుండా వేలు పోసి కొత్త షాకప్పు కొన్నవారిని నేను ఎరుగుదును.

ఇక సొమ్ము ఎక్కడ ఖర్చుపెట్టాలి? నా మట్టుకు మొదటి రూపాయి టైర్లకు చెందుతుంది. బండి నేలను తాకేది అరచేయంత మేర రెండుచోట్లనే. అయితే పెద్ద పెద్ద దిమ్మలున్న మట్టి టైర్లు వేయించుకోవాలన్న ఆశ కుర్రవాళ్లకు సహజం. దిమ్మలు దూరంగా ఉన్న టైరు బురదను కొరుకుతుంది, నిజమే. తడిసిన తారుమీద అదే టైరుకు పట్టు తక్కువ, మ్రోత ఎక్కువ, అరుగుదల మరీ ఎక్కువ. ఈ ఐదువందల కిలోమీటర్లలో తారు లేనిది, చెడినది ఎంత అని లారీ డ్రైవర్లను అడిగితే, ఘాట్లలో మరమ్మతులు జరిగేచోట్ల తప్ప అంతా తారే అన్నారు. అందుచేత తారుకు ఎక్కువగా, మట్టికి కొంతగా పనికివచ్చే మధ్యరకం టైర్లు, కంపెనీవారు చెప్పిన కొలతలోనే, వేయించాము. పుల్లల చక్రాలు కనుక లోపల ట్యూబులు ఉంటాయి. దారిలో ప్రతి పంక్చరు దుకాణంలోనూ 21 అంగుళాల ట్యూబు ఉండదు; కనుక ఆ ఒక్కటీ వెంట ఉండాలి. అవసరానికి అదే ట్యూబును మడత సర్ది వెనుక చక్రంలో వేసి దగ్గరి ఊరు చేరవచ్చును. దానితోపాటు టైరు విప్పే రెండు పలుగులు, చేతి పంపు. మావాడు ఇంటి ముందర రెండు చక్రాలూ ఒక్కొక్కసారి స్వయంగా విప్పి బిగించాడు. మొదటిసారి గంటన్నర పట్టినది.

ఆపై ఇంజను అడుగున లోహపు పలక. కంపెనీవారిది చిన్నది, దానికంటె వెడల్పైన అల్యూమినియం పలక వేస్తే నూనె ఫిల్టరు కూడా దాగుతుంది. నూనె తీసే బోల్టుకు ఎదురుగా రంధ్రం ఉన్నదీ లేనిదీ చూసి కొనాలి, లేకుంటే నూనె మార్చిన ప్రతిసారీ పలక విప్పాలి. తరువాత చేతులకు అడ్డు. ఉత్త ప్లాస్టిక్ రెక్కలు గాలినీ వాననూ ఆపుతాయి, అంతే. లోపల అల్యూమినియం కమ్మీ ఉండి, హ్యాండిలు చివరనూ మధ్యనూ బిగించేది అయితే పడినప్పుడు క్లచ్చు, బ్రేకు లివర్లను కాపాడుతుంది. లివరు విరిగితే ఎంత గొప్ప బండి అయినా అడవిలో ఒక దిమ్మె. ఇంజను చుట్టూ గొట్టపు కంచె తేలికది ఒకటి చాలు.

దీపాలలో నాలుగింటికి బదులు ఏదీ వద్దన్నాను. ఎదుటివారి కళ్లలో గుచ్చే తెల్లని వెలుగు ఘాటు మలుపులో మనకే శత్రువు; వానలో అది మన కళ్లలోకే తిరిగి వస్తుంది. చీకటి పడకముందే ఆగే నియమం పెట్టుకొంటే దీపాల ఖర్చు మిగులుతుంది. సైలెన్సరు మార్పు బొత్తిగా నిరుపయోగం. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద, కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం తగదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసియున్నది. ముందు స్ప్రాకెట్టులో పదిహేను పళ్లకు బదులు పధ్నాలుగు వేసుకొంటే ఎక్కుడులో తేలిక అని ఒక మెకానిక్కు సలహా ఇచ్చాడు. లాగుడు ఏడు శాతం పెరిగే మాట నిజమే. ఆ మేరకు చదునునేలమీద ఇంజను ఎక్కువగా తిరుగుతుంది. బరువు తగ్గించిన తరువాత ఆ అవసరం మాకు కనిపించలేదు. ఫోను హ్యాండిలుకు బిగిస్తే మోటారు సైకిలు అదురుకు కొన్ని ఫోన్ల కెమెరాలు చెడవచ్చునని ఆపిల్ కంపెనీవారే 2021లో హెచ్చరించారు. దారి ఒకటే గదా! ఫోను జేబులోనే ఉన్నది. మిగిలిన సొమ్ము ఐ.ఎస్.ఐ. గుర్తుగల రెండు హెల్మెట్లకు, చీలమండలు దాటే బూట్లకు, వానకోటుకు పోయినది. రెండవ హెల్మెట్టు తల్లికోసం.

తల్లి మాట వచ్చినది గనుక ఒక చిన్న వస్తువును గురించి చెప్పాలి. ఈ బండ్లను సాహసయాత్రకు సిద్ధం చేసేవారు అందరికంటె ముందు విప్పి పారవేసేది వెనుక చక్రం ప్రక్కన ఉండే శారీ గార్డును. అందం చెడుతుందని, చట్రానికి అడ్డమని. పాత యజమాని కూడా విప్పివేశాడు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం ఉన్నది: వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, కాలు మోపే ఆనిక, వెనుక చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పి బట్టలు చిక్కుకోకుండా కాపాడే అడ్డు ఉండాలి. చీర చెంగు చక్రంలో చిక్కుకొని జరిగే ఘోరాలు మన దేశంలో ఎవరికి తెలియవు? ఆరు వారాలలో ఈ బండి వెనుక కూర్చోబోయేది అరవై దాటిన, ఒక కంటికి కట్టు కట్టుకొన్న, నేత చీర కట్టిన మనిషి. పాత సామానుల బజారులో వెదకి ఒక గార్డు కొని బిగించాము. ముప్పై వేలలో అన్నింటికంటె తక్కువ ఖరీదు దానిదే. దానికి సరిపడేట్లు కుడిప్రక్క సంచి వెనుకకు జరపవలసి వచ్చినది. ఎడమవైపు ఆమె కాళ్లు ఉంచేచోట తిరుగు దినాలలో సంచి ఉండదు గదా.

జూలై మొదటి వారంలో తెల్లవారకముందే బయలుదేరాడు. బాలోద్, గురూర్ మీదుగా జాతీయ రహదారి 30కి చేరి దక్షిణంగా చారామా, కాంకేర్. అక్కడినుండి అడవి దగ్గరవుతుంది. కేశ్‌కాల్ ఘాటులో పన్నెండు మలుపులు ఒకదానిపై ఒకటి మెట్లవలె పేర్చి ఉంటాయి. నడుమ తేలిన్ సతీ మాత ఆలయం వద్ద లారీలవాళ్లు ఆగి దండం పెట్టి పోతారు. నేను ఆ ఘాటును ఎన్నోసార్లు బస్సు కిటికీలోనుండి చూశాను. పై మలుపులో నిలిచి చూస్తే క్రింది మలుపులో ఎక్కుతున్న లారీ కప్పు, దానిమీద టార్పాలిను, ఆ టార్పాలినుమీద పడుకొన్న క్లీనరు కనిపిస్తారు. ఎత్తెక్కిన తరువాత బస్తరు పీఠభూమి. గాలి మారుతుంది, సాలవృక్షాల నీడ మొదలవుతుంది. కొండగావ్ వద్ద కంచు, ఇత్తడితో మైనపు అచ్చులు పోసి ఏనుగులు, గుర్రాలు చేసే పనివారి ఊళ్లు. మధ్యాహ్నం వాన పట్టుకొన్నది. జగదల్‌పూర్ చేరి, చీకటికి ముందే ఆగానని ఫోను చేశాడు. ఇంద్రావతి నిండుగా పోతున్నదట. నలభై కిలోమీటర్ల దూరంలోని చిత్రకోట్ జలపాతం చూసి వెళ్లమని ఎవరో చెప్పారట. తల్లి చికిత్స రెండు రోజులలో ఉన్నదని వెళ్లలేదు.

మరునాడు ఒడిశా. కోట్‌పాడ్‌లో ఒక చెట్టు వేరునుండి తీసిన ఎరుపు రంగుతో నేసే చీరలు పేరుపడ్డవి. జయపురం దాటగానే మళ్లీ ఎక్కుడు, కొరాపుట్. ఆ పిదప పొట్టంగి ప్రక్కగా, ఒడిశాలో అన్నింటికంటె ఎత్తైన దేవమాలి కొండలను మబ్బులలో విడిచి, సుంకి.

సుంకి దాటిన తరువాత దిగుడులో రోడ్డు పని జరుగుతున్నది. ఒక మలుపులో సగం రోడ్డు త్రవ్వి ఉంచారు. ఎదురుగా ఎక్కుతున్న లారీకి దారి ఇవ్వడానికి మావాడు అంచుకు తీసి ఆగబోయాడు. ఆపిన కాలు కింద ఎర్రమట్టి జారినది. బండి ఎడమప్రక్కకు కొండవైపు పడినది. వేగం లేదు, దెబ్బ లేదు. కాని వెనుక ఇంకొక లారీ దిగుతున్నది. వాడు సంచుల పట్టీలు విప్పి కొండ అంచున పారవేసి, హ్యాండిలు తిప్పి, సీటుకు వీపు ఆనించి, మైదానంలో నేర్చినట్లే లేచాడు. దిగుతున్న లారీ డ్రైవరు హారను కొట్టకుండా ఆగి చూస్తున్నాడట. చేతి అడ్డు వంకరపోయినది. దాని వెనుక క్లచ్చు లివరు నిక్షేపంగా ఉన్నది. అదంతా రెండు నిమిషాల పని. రెండు నిమిషాలు అటువంటి మలుపులో ఎంత దీర్ఘమైనవో ఆ దారి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

సాలూరు వేగావతి ఒడ్డున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. ఘాటు దిగిన లారీ ఇక్కడ ఊపిరి పీల్చుకొంటుంది. లారీలే ఈ ఊరి వ్యవసాయం. బాడీలు కట్టేవారు, కమాన్లు కొట్టేవారు, టైర్లవారు, రంగులవారు రోడ్డుకు రెండు ప్రక్కలా ఉంటారు. చికిత్స జరిగిన నాలుగవ నాడు తల్లిని ఎక్కించబోతే క్రొత్త చిక్కు ఎదురైనది. బండి ఎత్తు. ఆమె ఒక ప్రక్కకు కూర్చోవాలి, కాలు మోపడానికి ఉన్న ఆనిక బొటనవ్రేలంత. కంటికి వంచడం కూడదని వైద్యులు చెప్పి ఉన్నారు.

మావాడు బండిని ఒక లారీ బాడీల షెడ్డుకు తీసుకొనిపోయాడు. అక్కడి ముసలి మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మగారు ఎంత పొడుగు బాబూ?" అని అడిగాడట. మరే ప్రశ్నా లేదు. శారీ గార్డుకు క్రిందుగా, జానెడు పొడవు, నాలుగు వ్రేళ్ల వెడల్పు గల గరుకు రేకు ఒకటి అతికి, అంచులు ఆకురాయితో నున్నన చేశాడు. వంకరపోయిన చేతి అడ్డును కూడా చెక్కమీద పెట్టి సరిచేశాడు. ఆ రేకు అరకిలో ఉంటుందేమో. ఎక్కేటప్పుడు ఇంటి అరుగు ప్రక్కకు బండి నిలిపితే, మా చెల్లెలు కొడుకు భుజం పట్టుకొని, రేకుమీద పాదం మోపి, వంగకుండా కూర్చోగలిగినది. విజయనగరం వెళ్లివచ్చినన్ని సార్లూ అట్లాగే వెళ్లివచ్చింది. ఆగస్టులో వైద్యులు అద్దాలు వ్రాసి ఇచ్చారు. మావాడు బండిని అక్కడే ఉంచి రైలులో భిలాయి వచ్చాడు. దసరాకు వెళ్లి తేవాలని అనుకొంటున్నాడు, వానలు తగ్గిన తరువాత.